ఆదివారం పేజీ

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మెట్లెక్కి పొట్టి వచ్చేసరికి తల్లి ముందుగదిలో ట్యూబ్‌లైటు వేసి, కుర్చీ దాని కిందికి జరుపుకుని సిద్ధంగా కూర్చుంది. పిల్ల చెప్పులు విడిచి, సంచీ గోడవారగా పెట్టి, ఎవరూ చెప్పకుండానే వచ్చి లైటు కింద నిలబడింది. తొమ్మిదేళ్ళు నిండినా వయసుకు తగ్గ ఎత్తు లేదు. అందుకే ఇంట్లో పొట్టి, బళ్ళో పొట్టి, వారానికోసారి వెళ్ళే తండ్రి దగ్గర కూడా పొట్టే.

తల్లి పని చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్. కుట్టి వచ్చిన చొక్కాను బల్ల మీద పరిచి కాలరు, గుండీపట్టీ, జేబు, కఫ్‌లు, పక్కకుట్టు, అంచు చూసి, తర్వాత తిరగేసి లోపలివైపు చూడాలి. ఎప్పుడూ అదే వరస. వరస తప్పితే తప్పు తప్పించుకుంటుంది. పదకొండేళ్ళుగా అదే పని చేసీ చేసీ ఆ కళ్ళకు ఇంకో రకంగా చూడటం చేతకాకుండా పోయింది. తోటివాళ్ళు చాటున ఆమెను డేగ అంటారు. ఎదురుగా అన్నా ఆమె ఏమీ అనుకోదు, పైగా మెచ్చుకున్నారనుకుని లోపల్లోపల సంతోషిస్తుంది.

కూతుర్నీ అలాగే చూసింది. మెడ, చెవుల వెనక, మోచేతులు, గోళ్ళు, మోకాళ్ళు, మడమలు.

"తిన్నావా?"

"తిన్నాను. మధ్యాహ్నం అన్నం, కూర. ఒంటిగంటకి. నువ్వు అడుగుతావని గడియారం చూసుకున్నాను."

"ఇంకో మేజోడేది?"

పొట్టి కాళ్ళకేసి చూసుకుంది. ఒక కాలికే మేజోడు ఉంది. "అక్కడ ఉండిపోయినట్టుంది" అంది.

తల్లి గూట్లోంచి నోటుపుస్తకం తీసింది. భార్యాభర్తలు విడిపోయి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో ప్రతి ఆదివారానికీ అందులో ఒక పేజీ ఉంది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా దింపాడు. జుట్టు దువ్వలేదు. గౌను ఎడమ చేతి కుట్టు విడిపోయింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమని ఎవరైనా అంటారు గానీ, పీకేవాళ్ళ కళ్ళకు ఆ ఈకలు నిజంగానే కనిపిస్తాయి. ఈ ఆదివారం పేజీలో ఆమె 'ఒక మేజోడు లేదు' అని రాసింది. మిగతా పేజీ ఖాళీ. గురువారం కోర్టు. వేసవి సెలవుల్లో ముప్ఫై రోజులు పిల్లను తన దగ్గర ఉంచుకుంటానని అతను వేసిన అర్జీ ఆ రోజు తేలుతుంది. దాని మీద కొట్టడానికి ఆమె చేతిలో ఉన్నది ఒక మేజోడు.

సోమవారం పొద్దున ఏడుంబావుకు ఆమె బల్ల మీద దుప్పటి మడతపెట్టి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఏడూ నలభైకి స్కూలు వ్యాను వీధి మలుపులోకి వస్తుంది, ఏడూ యాభైకి ఫ్యాక్టరీ బస్సు. మధ్యలో ఉన్న ఆ పది నిమిషాల మీదే ఆ ఇంటి బండి నడుస్తోంది. ఇస్త్రీపెట్టె పాతది. వేడి తగ్గించే చక్రం ఉందన్న పేరే గానీ, ఎంత తిప్పినా పెట్టె దాని మాట వినదు. ముక్కు దగ్గర వేలిగోరంత పెచ్చు ఊడింది. ఊడింది అతను ఈ ఇంట్లో ఉన్నప్పుడే, అతని చేతిలోంచి జారి పడినప్పుడే. ఊరందరి బట్టలూ నలగకుండా ఇస్త్రీ చేసే డ్రైక్లీనింగ్ షాపు ప్రెస్సింగ్ మాస్టరు సొంత ఇంటి పెట్టె కిందపడేశాడని అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

పొట్టి షిమ్మీతో పక్కనే నిలబడి ఉంది.

"అమ్మా, నాన్న నా పేరు ఈతకి ఇచ్చాడు."

"ఈతేంటి?"

"సెలవుల్లో. స్టేడియం పక్కన స్విమ్మింగ్ పూల్ ఉంది చూడు, అక్కడ. ఫారం నింపాం. నా ఫోటో అంటించాడు. ఓనరు గారితో మాట్లాడి సాయంత్రం డ్యూటీకి మారాడట. పగలంతా నాతోనే ఉంటాడు. సాయంత్రం నన్నూ షాపుకి తీసుకెళ్తాడు, అక్కడ ఓనరు గారి అమ్మ ఉంటుంది, ఆవిడకి బొమ్మలేయడం వచ్చు."

"కోర్టు ఇంకా ఏమీ చెప్పందే ఫోటోలు అంటించేశాడా?"

"చెప్తుందిగా."

"చెప్తుందని నీకెవరు చెప్పారు?"

పొట్టి నవ్వింది, అంతే. పై పళ్ళన్నీ కనిపించేలా, భుజాలు పైకి లేపి నవ్వింది. ఆ నవ్వు చూసి తల్లి పెట్టెను గుడ్డ మీద ఇంకాస్త అదిమింది. ఈ రెండు గదుల్లో ఆ నవ్వు ఆమె చూసి ఎన్నాళ్ళయిందో. నెల రోజులు అక్కడ ఇలా నవ్వి వచ్చిన పిల్ల మళ్ళీ ఇక్కడ ఇమడదు. వస్తుంది, లైటు కింద నిలబడుతుంది, అడిగినవాటికి జవాబులు చెప్తుంది, కానీ మనసు అక్కడే వదిలి వస్తుంది. ఆమె భయమంతా అదే. లాయరుకు చెప్పిన కారణాలన్నీ ఆ భయానికి తొడిగిన చొక్కాలు.

"నీకు ఈతా లేదు, గీతా లేదు" అంటూ ఆమె గిర్రున ఇటు తిరిగింది. పెట్టె చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే పొట్టి గౌను అందుకోవడానికి చెయ్యి చాపింది.

పిల్ల అరవలేదు. గాలి లోపలికి పీల్చి అలాగే ఉండిపోయింది. ముంజేతి మీద మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన పెట్టె ముక్కు దిగింది. తల్లి ఆమెను ఈడ్చుకెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టించింది. నీళ్ళు పారుతూనే ఉన్నాయి, తల్లి ఏడుస్తూనే ఉంది. "చూసుకోవద్దటే, చూసుకోవద్దా" అంటుంది, మళ్ళీ "నా చెయ్యి విరిగిపోనూ" అంటుంది. పొట్టి కుళాయి కేసి కాకుండా తల్లి ముఖం కేసి చూస్తోంది.

"నొప్పి లేదమ్మా. ఏడవకు."

మందు రాసి, గాజుగుడ్డ చుట్టి, ఉతికిన యూనిఫాం ముడతలతోనే తొడిగింది. గుండీలు పెట్టించుకుంటూ పిల్ల అడిగింది.

"స్కూల్లో అడిగితే ఏం చెప్పను?"

"వేడి టీ పడిందని చెప్పు."

పొట్టి గాజుగుడ్డ మీద వేలితో ఆ ఆకారం గీసి చూసుకుంది. "టీ పడితే ఇలా మూలలా రాదమ్మా. గిన్నె అంచు తగిలిందని చెప్తాలే."

కింద వ్యాను హారన్ కొట్టింది. తల్లి ఆ మాట విన్నది గానీ పట్టించుకోలేదు.

ఫ్యాక్టరీలో ఆ పొద్దుట మొదటి గంట ఆమె ఒక్క చొక్కాకూ ఎర్ర బాణం అంటించలేదు. తప్పున్న చోట అంటించే ఆ చిన్న బాణాల కాగితం బల్ల అంచున అలాగే పడి ఉంది. మెడలో నాడాకు వేలాడే దారాల కత్తెర పట్టుకుని, చొక్కా పరిచి, చూసి, మడిచి, తన నంబరు చీటీ జేబులో పెట్టి అవతలికి తోస్తోంది. పక్క బల్ల ఆవిడ ఆ దొంతర్లోంచి ఒకటి లాగి చూసింది. కుడి కఫ్‌కు రెండు కుట్లు పడకుండా దాటిపోయి ఉన్నాయి.

"డేగమ్మకి ఇవాళ చత్వారం వచ్చినట్టుందే" అంది ఆవిడ నవ్వుతూ. "నీ నంబరు పెట్టి పంపాక ఎవరి కుట్టని ఎవరూ అడగరు తల్లీ, నిన్నే పట్టుకుంటారు."

ఆమె ఆ దొంతరంతా వెనక్కి తీసుకుని మళ్ళీ మొదటినుంచి చూసింది. పదకొండు చొక్కాల్లో తప్పులున్నాయి.

మధ్యాహ్నం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి సెలవుల నెలలో రోజూ రెండు గంటలు ముందు వెళ్ళనివ్వమని అడిగింది. అతను కాగితంలోంచి తల కూడా ఎత్తలేదు. "వేసవి ఆర్డరు నెత్తిమీద కూర్చుంది. నాకే ఇంటికెళ్ళే దిక్కు లేదు, నిన్ను పంపిస్తానా?" అన్నాడు. ఆమె నీళ్ళ కుళాయి దగ్గరికొచ్చి పక్క ఊళ్ళో ఉన్న అక్కకు ఫోన్ చేసింది.

"నావల్ల కాదే" అంది అక్క. "మోకాళ్ళు పట్టేశాయి. మీ బావకి పొద్దునో మందు, రాత్రో మందు, ఎవరిస్తారు? అయినా వాళ్ళ నాన్న ఉంచుకుంటానంటుంటే ఉంచుకోనివ్వరాదూ? నెల రోజులేగా."

"నీకు తెలీదక్కా."

"నాకు తెలుసు. నీకే తెలీదు" అని అక్క ఫోన్ పెట్టేసింది.

మంగళవారం సాయంత్రం పొట్టిని వెంటబెట్టుకుని లాయరమ్మ ఆఫీసుకు వెళ్ళింది. జిరాక్స్ షాపు పైన ఒకే గది, ఫైళ్ళు కిటికీ దాకా పేరుకుని ఉన్నాయి. లాయరమ్మ నోటుపుస్తకం ముందుకు లాక్కుని వేలితో పేజీలు తిప్పి మూసేసింది.

"చూడమ్మా, ముక్కుసూటిగా చెప్తున్నా. ఇందులో పస లేదు. జుట్టు దువ్వలేదు, కుట్టు విడిపోయింది అని చదివితే జడ్జి గారు నవ్వుతారు. నవ్వి అతని కాగితాలు చూస్తారు. అతను ఓనరు దగ్గర ఉత్తరం తెచ్చాడు, డ్యూటీ మారినట్టు. ఈత ఫారం జత చేశాడు. మనం ఏం జత చేస్తాం? మేజోడా?"

లాయరమ్మ చూపు కుర్చీ చివర కూర్చున్న పొట్టి మీదికి వెళ్ళి, చేతికున్న గాజుగుడ్డ మీద ఆగింది.

"అదేమిటి?"

"కాలిందండి."

"దేంతో?"

తల్లి పిల్ల కేసి చూడకుండా "ఇస్త్రీపెట్టె" అంది. అది నిజమే.

లాయరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "ఆదివారం తండ్రి దగ్గరికి వెళ్ళొచ్చిందిగా. అతని పని ఇస్త్రీయేగా." ఆవిడ గొంతు మెత్తబడింది, మిఠాయి దొరికినవాళ్ళకు మెత్తబడినట్టు. "నువ్వేమీ చెప్పక్కర్లేదు. నేనడిగినదానికే చెప్పు. ఆదివారం ఇంటికి రాగానే పిల్లను చూశావా?"

"చూశాను."

"ప్రతి ఆదివారం చూసింది రాస్తావు కదా. ఈ ఆదివారం పేజీలో కింద చోటుందా?"

"ఉంది."

"అయితే రాసే ఉంటావు. నేను ఇవాళ చూడలేదు. రేపు పొద్దున చూస్తాను." ఆవిడ పుస్తకం వెనక్కి తోసింది. "నిప్పు లేనిదే పొగ రాదని జడ్జి గారికీ తెలుసు." తర్వాత గాజుగుడ్డ విప్పించి ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసింది. పొట్టి చెయ్యి కదపకుండా పట్టుకుంది. నవ్వమన్నారేమో అనుకుని మొదటి ఫోటోకు నవ్వింది కూడా. అది వద్దని లాయరమ్మ ఇంకోటి తీసింది.

ఇంటికొచ్చాక పొట్టి బల్లకు ఒక వైపు కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తల్లి రెండో వైపు ఆదివారం పేజీ తెరిచి కూర్చుంది. 'ఒక మేజోడు లేదు' కింద ఎనిమిది గీతలు ఖాళీ. ఆమె మనసులో తనకు తాను సర్దిచెప్పుకుంటోంది. అబద్ధం ఎక్కడాడాను? పెట్టెతో కాలింది, నిజం. ఆదివారం చూశాను, నిజం. రెండు నిజాలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన అబద్ధమవుతుందా? అవుతుందని ఆమెకు బాగా తెలుసు. చేతికందిన పెన్ను తీసి గీత మీద ఆనించింది.

పొట్టి తలెత్తకుండానే తన పెట్టెలోంచి ఇంకో పెన్ను తీసి బల్ల మీదుగా ఇటు దొర్లించింది. ఆదివారం తల్లి రాసింది దానితోనే. దాని నీలం కాస్త ముదురు.

ఆమె దాన్ని తీసుకుంది. తీసుకోవాల్సింది కాదు. ఆ క్షణంలో పుస్తకం మూసేసి పిల్లను దగ్గరికి లాక్కోవాల్సింది. కానీ గురువారం నెత్తిమీదికి వచ్చింది, పేజీ ఖాళీగా ఉంది, నీలం సరిపోయింది. 'కుడి ముంజేతికి ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ' అని రాసి, ఆరేదాకా ఊదింది.

బుధవారం కోర్టు కౌన్సిలరమ్మ పిల్లతో విడిగా మాట్లాడింది. తలుపు మీద సీతాకోకచిలుక కాగితం అంటించిన గది. తల్లి బయట బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చుంది. లోపలినుంచి ఒకసారి పొట్టి నవ్వు వినిపించింది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. తలుపు తెరుచుకునేసరికి పొట్టి చేతిలో చాక్లెట్ ఉంది, కౌన్సిలరమ్మ ముఖం గంభీరంగా ఉంది. దారిలో ఆమె పిల్లను ఏమీ అడగలేదు. ఏం చెప్పాలో ముందే నేర్పలేదని తనను తాను మెచ్చుకుంది. ఏం చెప్పిందో ఇప్పుడు అడిగితే తెలిసిపోతుందని భయపడింది కూడా.

గురువారం నాలుగో కేసు పిలిచేసరికి పదకొండు దాటింది. పొట్టిని పిల్లల గదిలో ఆయా దగ్గర కూర్చోబెట్టారు. కోర్టు హాల్లోకి అతను తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. తల్లి కళ్ళు అలవాటు కొద్దీ కాలరు నుంచి అంచు దాకా దిగాయి. ఎక్కడా ఒక్క ముడత లేదు. అతను ఆమెకేసి చూసి తల ఆడించాడు, పలకరింపుగా.

మొదట అతని లాయరు మాట్లాడాడు. డ్యూటీ ఉత్తరం, ఈత ఫారం ఇచ్చాడు. ఫారం మీద అంటించిన ఫోటోలో పొట్టి రెండు జడలతో బిగుసుకుని చూస్తోంది. జడ్జి గారు ఫారం తిరగేసి చూసి, బాగుందన్నట్టు తలపంకించారు.

"అమ్మా, సెలవుల్లో పగటిపూట పాపను ఎవరు చూస్తారు మీ ఇంట్లో?" అని అడిగారు ఆమెను. "మీరు ఫ్యాక్టరీకి వెళ్తారు కదా."

"మా అక్క వస్తుందండి. సెలవులయ్యే దాకా మాతోనే ఉంటుంది."

ఆ మాట నోట్లోంచి ఎంత నున్నగా జారిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఒక కుట్టు దాటాక రెండో కుట్టు దానంతటదే దాటుతుంది.

తర్వాత లాయరమ్మ లేచి నోటుపుస్తకం ఇచ్చింది. ఆదివారం పేజీకి కాగితం అడ్డం పెట్టి ఉంది. దానితోపాటు పెద్దదిగా వేయించిన ఫోటో. కౌన్సిలరమ్మ రిపోర్టు అప్పటికే జడ్జి గారి ముందుంది. ఆయన మూడూ పక్కపక్కన పెట్టి చదివారు. ఆయన ఫోటో బంట్రోతు చేత అతనికి అందించారు.

"ఇది ఆదివారం మీ దగ్గర జరిగిందంటున్నారు. ఏమంటారు?"

అతను ఫోటో అందుకున్నాడు. ముందు అతని ముఖంలో నొప్పి ఒక్కటే కనిపించింది, తనకే కాలినట్టు. తర్వాత ఫోటోను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. షాపులో అతను వాడేది పెద్ద స్టీము పెట్టె, పైకప్పు నుంచి గొట్టం వేలాడుతుంది, అడుగున ఆవిరి వచ్చే చిల్లులు రెండు వరసలు. అది తగిలితే చుక్కలు చుక్కలుగా కాలుతుంది. అతని ఎడమ మణికట్టు మీద అలాంటివి రెండున్నాయి, ఆమె ఎన్నోసార్లు మందు రాసింది. ఫోటోలోని మచ్చకు చుక్కలు లేవు. నున్నని మూల, ఆ మూల కొసన వేలిగోరంత కొరత. అతని బొటనవేలు మెల్లగా వచ్చి ఆ కొరత మీద ఆగింది.

ఇంక అయిపోయిందనుకుంది ఆమె. ఇప్పుడు ఈ ఒక్క మాట చాలు, ఇంటికి మనిషిని పంపి ఆ పెట్టె తెప్పించండని అతను అంటే చాలు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, పర్సు పిడికిట్లో నలుపుతోంది.

అతను తలెత్తి జడ్జి గారిని అడిగాడు. "పాప ఏం చెప్పిందండి?"

జడ్జి గారు రిపోర్టులోకి చూశారు. "మీ దగ్గరే కాలిందని చెప్పింది. మీరు పనిలో ఉండి చూసుకోలేదని, కావాలని చేయలేదని కూడా చెప్పింది."

అతను ఫోటో బంట్రోతుకు తిరిగి ఇచ్చేశాడు. ఇవ్వబోయే ముందు దాని మీద పడ్డ వేలిముద్రను చొక్కా అంచుతో తుడిచాడు.

"పాప చెప్పిందా" అన్నాడు. "అయితే నా దగ్గరేనండి."

లాయరు అతని చెయ్యి పట్టుకుని గుంజి ఏదో గుసగుసలాడాడు. అతను తల అడ్డంగా ఊపాడు. పది నిమిషాల్లో ఉత్తర్వు అయిపోయింది. సెలవులన్నీ తల్లి దగ్గరే. ఇకనుంచి తండ్రి నెలకు రెండుసార్లు, గంటసేపు, కోర్టులోని పిల్లల గదిలో, ఆయా ఎదురుగా పిల్లను చూడవచ్చు. ఆమె అడిగినదానికంటే ఎక్కువే దక్కింది. ఆదివారాలు కూడా పోతాయని ఆమె అనుకోలేదు, అడగనూ లేదు. వద్దని అనలేదు కూడా.

వరండాలో అతను ఆమె కోసం ఆగి ఉన్నాడు. ఏమన్నా పడాల్సిందేనని ఆమె తల వంచుకుని నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది, ఇద్దరికీ సరిపోయేది.

"ఆ పెట్టె మార్చు" అన్నాడు అతను మెల్లగా. "చక్రం తగ్గించినా వేడి తగ్గదు. మళ్ళీ కాలుతుంది."

"అక్కడే చెప్పాల్సింది" అంది ఆమె.

"చెప్తే ఎవరు అబద్ధమాడినట్టు? తొమ్మిదేళ్ళ పిల్ల అబద్ధాలకోరని జడ్జి గారి ముందు నా నోటితో నేను చెప్పనా? ఆ మాట కాగితం మీద పడితే రేపు అది ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు?" ఒక్కో మాటకూ అతని గొంతు సన్నబడుతూ వచ్చింది. "ఈత మాస్టారుతో నేనే చెప్తాలే, రావట్లేదని."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పిల్లల గది వైపు వెళ్ళలేదు. ఈ నెల గంట ఇంకా మొదలు కాలేదు కదా.

నిజం చెప్పాలంటే ఆమెకు ముందు కలిగింది సిగ్గు కాదు, ఊరట. గెలిచాను, పిల్ల నాదే, నెల రోజులు నాదే. సిగ్గు ఆ వెనకాల నడుచుకుంటూ వచ్చింది, వీధి దాటేసరికి అందుకుంది. పొట్టి చెయ్యి గట్టిగా పట్టుకుని ఐస్‌క్రీం షాపులోకి వెళ్ళింది. అన్నిటికంటే పెద్ద కప్పు తెప్పించింది.

"నిన్న ఆ మేడం అడిగితే ఏమని చెప్పావే?" అంది, ఇప్పుడిక అడిగినా పోయేదేమీ లేదు కాబట్టి.

"నువ్వు రాసిందే చెప్పాను." పొట్టి చెంచా నాకింది. "ఆవిడ మూడుసార్లు అడిగింది, మార్చి మార్చి. నేను మార్చలేదు. అమ్మ నేర్పిందా అంది. లేదన్నాను. నువ్వు నేర్పలేదుగా మరి."

"ఎందుకలా చెప్పావు?"

"నువ్వు ఏడుస్తావని." అని, చెంచా మళ్ళీ ముంచి, "నాన్న తిట్టాడా?" అంది.

"లేదు."

"అనుకున్నాను. నాన్న తిట్టడు." పిల్ల మళ్ళీ కప్పులోకి తల వంచింది. "ఈత ఇంక లేదు కదా?"

తల్లి లేదంది. పొట్టి తలూపి, అడుగున మిగిలింది చెంచాతో గీకడం మొదలుపెట్టింది. ఆ గీకుడు చప్పుడు వినలేక ఆమె పిల్ల చేతిలోంచి కప్పు లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. పిల్ల లేచి చెంచా కూడా అందులో వేసింది.

సోమవారంతో సెలవులు మొదలయ్యాయి. స్కూలు వ్యాను రాదు కాబట్టి ఏడూ యాభై దాకా తీరికే. తల్లి అన్నం వండి గిన్నె మీద మూత పెట్టింది. నీళ్ళ సీసాలు రెండు నింపింది. పొయ్యి గ్యాసు కట్టేసింది. ఇస్త్రీపెట్టె బీరువా మీద, పిల్లకు అందనంత ఎత్తులో పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్ళొద్దు, స్విచ్చులు ముట్టుకోవద్దు, పదింటికీ ఒంటిగంటకీ ఫోన్ చేస్తాను, మొదటి రింగుకే ఎత్తాలి. అన్నిటికీ పొట్టి తలూపింది. సాయంత్రం ఆరున్నర దాకా, పదిన్నర గంటలకు పైగా. శనివారాలు కూడా ఫ్యాక్టరీ ఉంది. ఆదివారాలు తీసేస్తే ఆ నెలలో అలాంటి రోజులు ఇరవై ఆరు.

"భయమేస్తుందా?" అని అడిగింది చెప్పులు వేసుకుంటూ.

"వెయ్యదు."

ఆమె బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగింది. తాళం గొళ్ళానికి తగిలించి, చెవి తిప్పబోతుంటే లోపలినుంచి పిల్ల పిలిచింది. తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రమే కనిపిస్తోంది.

"అమ్మా, కోర్టు వాళ్ళెవరైనా వచ్చి తలుపు కొడితే, పెద్దమ్మ స్నానం చేస్తోందని చెప్తాను. రెండోసారి వస్తే నిద్రపోతోందంటాను. సరిపోతుందా?"

పెద్దమ్మ సంగతి పిల్లకు ఎవరైనా చెప్పినట్టు ఆమెకు గుర్తులేదు. గురువారం పిల్లల గది ముందు వరండాలో, అక్క రాదని లాయరమ్మతో తను అన్న మాట విని ఉంటుంది. వీధి చివర ఫ్యాక్టరీ బస్సు హారన్ మోగింది.

"సరిపోతుంది" అంది తల్లి, తాళం వేసింది.